వీర చంద్రయ్య జనన ఘట్టం

సృష్టికార్యం చతుర్ముఖుడి శాఖకు చెందినది. ఆ శాఖలో అన్యులు వేలు పెట్టరాదని పెద్దలు ఎప్పుడో తీర్మానించారు. అయినప్పటికీ పందొమ్మిది వందల ఎనభై ఏడో సంవత్సరంలో, ఆషాఢమాసపు ఒకానొక ఆదివారం పొద్దున, ఛత్రినాకలో మొగులయ్యగారి వాడలో అద్దెకుంటున్న గోపాలకృష్ణమూర్తిగారు ఆ అధికారాన్ని తాత్కాలిక ప్రాతిపదికన స్వీకరించారు. బ్రహ్మకు ముఖాలు నాలుగు. మూర్తిగారికి ఒకటే, అందులోనూ సింహభాగం కళ్ళజోడు ఆక్రమించుకుంది. బ్రహ్మ తామరపువ్వులో సుఖాసీనుడై సృష్టిస్తాడు. మూర్తిగారు నవారు మంచం చివర, ఏ క్షణాన లేవమన్నా లేచేందుకు వీలుగా కూర్చున్నారు. బ్రహ్మ ఎవరినీ సంప్రదించడు. మూర్తిగారి కష్టాలన్నీ సరిగ్గా ఆ తేడాలోంచే పుట్టాయి.

సృష్టికి కావలసిన సరంజామా ఆయన బావమరిది కృష్ణప్రసాద్‌ది. ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో ఇంజనీరైన ఆ కుర్రవాడు సింగపూరు నుంచి ఒక కంప్యూటరు తెప్పించుకున్నాడు. చూడడానికి అది టైపురైటరు మీటలను మాత్రం కోసి తెచ్చినట్టుంటుంది. దాని తోకను టీవీకి, మరో తోకను టేపురికార్డరుకు తగిలిస్తే ప్రాణం వస్తుంది. కృష్ణప్రసాద్ కంపెనీ పని మీద బెంగుళూరు వెళుతూ ఆ యంత్రాన్ని అక్కగారింట్లో దించి, ఒక క్యాసెట్టు బావగారి చేతిలో పెట్టాడు.

"ఇది ఆట బావగారూ. పాతాళంలో గుహలుంటాయి, గుహల్లో రాక్షసులుంటారు. మీ తరఫున ఒక వీరుడు వెళ్ళి వాళ్ళని చంపుతాడు. ఆ వీరుణ్ణి ముందు మీరే తయారుచేసుకోవాలి. పేరు, ఒడ్డూపొడుగూ, వృత్తి, గుణగణాలూ, అంతా మీ ఇష్టం."

"నా ఇష్టమా?" అన్నారు మూర్తిగారు, ఏదో అన్యదేశపు మాట విన్నట్టు.

"మీదే. అయితే ఇందులో ఒక్క వీరుడికే చోటు. చివర్లో అవునా, కాదా అని అడుగుతుంది. అవునని నొక్కారంటే ఇక వాడే ఖాయం. ఆదివారం పొద్దున వచ్చి మెషీన్ పట్టుకెళ్తాను. ఆలోగా కానిచ్చేయండి."

మూర్తిగారు ఎందుకు ఉలిక్కిపడ్డారో తెలియాలంటే ఆయన చరిత్ర కొంచెం తెలియాలి. ఆయన పేరు తాతగారు పెట్టింది. చదువు పెదనాన్నగారు నిర్ణయించింది. నయాపూల్ దగ్గరి కచేరీలో గుమాస్తాగిరీ మేనమామ వేయించింది. చివరికి కళ్ళజోడు ఫ్రేము కూడా దుకాణదారు తన అభిరుచి కొద్దీ తగిలించి పంపిందే. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట "వద్దు" అన్న మాట వెలువడలేదు. ఆఫీసులో అందరూ ఆయన్ని మంచివాడంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఎవరో తనను తాపీగా తొక్కుకుంటూ నడిచిపోయినట్టు ఆయనకనిపించేది.

అటువంటి మనిషికి ఒక్క కోరిక పుట్టింది. ఒక్క మనిషిని, టీవీ తెరమీద జానెడు ఎత్తున అయినా సరే, పూర్తిగా తన ఇష్టప్రకారం చెయ్యాలి. వాడు తాటిచెట్టంత ఉండాలి. వాడికి బలం అపారంగా, వేగం అంతకు మించి ఉండాలి. ఓర్పు మాత్రం ఆవగింజంతైనా ఉండకూడదు. పేరు రణభైరవుడు. ఈ రూపాన్ని ఆయన వారం రోజులు ఆఫీసు ఫైళ్ళ మధ్య రహస్యంగా ఉపాసించారు.

ఉపాసన ఎంత సాగినా టీవీ చిక్కలేదు. వాడ మొత్తానికి టీవీ అదొక్కటే. కొన్నది మూర్తిగారు, చూసేది వాడ. రోజూ సాయంత్రం చిత్రలహరులకూ వార్తలకూ గది నిండిపోయేది. ఇక ఆదివారం పొద్దున పురాణం వచ్చే వేళకు ఆ గది గదిగా ఉండదు, గుడి అవుతుంది. చెప్పులు గుమ్మం బయటే నిలిచిపోతాయి. ఇంటి యజమాని మొగులయ్యగారి భార్య మాణిక్యమ్మ తలస్నానం చేసి, హారతి పళ్ళెంతో వచ్చి, టీవీకి కుంకుమబొట్టు పెడుతుంది. ఆ బొట్ల కారణంగా మూర్తిగారికి తెర కుడివైపు ఏం జరిగిందీ ఎప్పుడూ తెలిసేది కాదు.

అందుకని ఆయన ఆ ఆదివారం కోడికంటే ముందు లేచారు. కానీ క్యాసెట్టు మొరాయించింది. ఆ రకపు క్యాసెట్టు కీచుమంటూ అరుస్తుంది, ఆ అరుపును టేపురికార్డరు ఎంత గట్టిగా వినిపించాలో అంతే గట్టిగా వినిపించాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా యంత్రం మౌనవ్రతం పడుతుంది. ఆయన చెవి యొగ్గి, మీట తిప్పి, మళ్ళీ తిప్పి, చివరికి తెరమీద తెల్లని అక్షరాలు మెరిసే సరికి గుమ్మం బయట చెప్పులు విడుస్తున్న చప్పుడైంది.

యంత్రం కడుపులో పాచికలు దొర్లించి, వీరుడికింత పుణ్యమని కొన్ని అంకెలు ప్రసాదించి, "ఇవి సమ్మతమేనా?" అని అడిగింది. మూర్తిగారు చదవకుండానే సమ్మతించారు. అది అలవాటు.

"ఇయ్యాల దేవుడు రాలేదా సారూ?" అంది మాణిక్యమ్మ, పళ్ళెం పట్టుకుని.

లేదండీ, ఇవాళ వీలుకాదండీ అనవలసిన చోట మూర్తిగారు, "రండి, కూర్చోండి" అన్నారు.

ఆర్టీసీ డిపోలో మెకానిక్కుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మొగులయ్యగారు తెరను అనుమానంగా చూశారు. "ఏందిది? కరెంటోళ్ళ నోటీసా?"

"కాదండీ. ఒక మనిషిని తయారుచేస్తున్నాను."



"మీరా?" అన్నారు మొగులయ్యగారు.

మూర్తిగారు గుహల సంగతి, రాక్షసుల సంగతి వివరించారు. మాణిక్యమ్మ శ్రద్ధగా విని, "అయితే ఇంక పుట్టలేదన్నట్టు" అంది.

"ఇంకా లేదండీ. ఇప్పుడే..."

"అవ్వ! కాన్పు జరిగే ఇంట్లకొచ్చి ఉత్తగ కూసుంటమా?" ఆమె హారతి పళ్ళెం కింద పెట్టి కొంగు బొడ్లో దోపుకుంది. "ఓ లీలమ్మా! జర జల్ది రా!"

టీవీలో కనిపించే పుట్టుకకు హారతిచ్చే వాడకు, టీవీలో జరగబోయే పుట్టుక పుట్టుక కాదని నచ్చజెప్పడం ఎవరితరం? పక్క వాటాలో ఉండే లీలమ్మ సర్కారు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, ఇంకా తెల్లచీర మార్చకుండానే వచ్చింది. తెరను, మూర్తిగారి చెమటను ఒకసారి చూసి, "ఎంతసేపైంది మొదలై?" అని అడిగింది. ఆమె వెనకే దుర్గయ్య వచ్చాడు. పగలు కోర్టులో వకీళ్ళ సంచులు మోసే దుర్గయ్య, బోనాల పండుగనాడు అమ్మవారి తమ్ముడు పోతరాజవుతాడు. ఒళ్ళంతా పసుపు పూసుకుని, అంగీ లేకుండా, కొరడా ఝళిపిస్తూ అమ్మవారి ఊరేగింపు ముందు గంతులేస్తాడు. పండుగ వచ్చే ఆదివారమే కనుక వారం ముందునుంచే అతడి నడకలో గంతు మొదలైంది.

తెర మొదటి ప్రశ్న వేసింది. మూర్తిగారు అనువదించారు. "వీరుడు పొడగరి మనిషా, మధ్యరకపు గంధర్వుడా, మరుగుజ్జా అని అడుగుతోంది. నేనైతే పొడగరి..."

"గుహ అన్నరు గద సారూ" అన్నారు మొగులయ్యగారు. "దర్వాజ ఎంత ఎత్తుంటది?"

"అది తెలియదండీ."

"తెల్వకుంట పొడుగోణ్ణి పంపుతరా? నేను కట్టిన దర్వాజకే మీ తల ఎన్నిసార్లు తాకలే? బొప్పి కట్టినప్పుడల్ల మీరేమన్న అన్నరా? అనలే. మీరు మంచోళ్ళు. ఆడు కూడ గట్లనే ఊకుంటడా?"

"ఊరుకోడండీ, అదే నా..."

"అందుకే పొట్టోడైతే ఫికర్ లేదు."

వాడ ఆమోదించింది. రణభైరవుడు తాటిచెట్టు మీదినుంచి దిగి మరుగుజ్జయ్యాడు. పోనీలే, పొట్టివాడైతే మాత్రం పిడుగు కాకూడదా అని మూర్తిగారు సరిపెట్టుకున్నారు. సరిపెట్టుకోవడంలో ఆయనకు పట్టభద్రత ఉంది.

"ఇప్పుడు వృత్తి. యోధుడు, మాంత్రికుడు, పూజారి, దొంగ."

"ఇందుల పర్మినెంటు ఏది?" అన్నారు మొగులయ్యగారు.

"దెబ్బలు మాన్పేది ఎవరు?" అంది లీలమ్మ.

"పూజారికి గాయాలు మాన్పే విద్య ఉందండీ."

"అయితే పూజారే. గుహలకు పోయినంక దెబ్బలు తాకవా? అందరు కొట్టేటోళ్ళే అయితే కట్లు కట్టేటోళ్ళెవరు? రాత్రంత జాగారం జేసేది మేము."

"గట్ల నడ్వది సిస్టరూ!" దుర్గయ్య గర్జించాడు. "రాక్షసులంటున్నరు. ఈడు యోధుడే కావాలె!"

మూర్తిగారి గుండె ఒక్కసారి పొంగింది. ఈ ప్రపంచంలో తన పక్షాన ఒకడున్నాడు. "అవునవును. యోధుడు. మంచి కవచం, కత్తి, డాలు..."

"కవచమా?" దుర్గయ్య ముఖం చిట్లించాడు. "కవచమేంది సారూ, ఆడదాని రవికె లెక్క! పోతరాజు ఎన్నడన్న కవచం తొడిగిండా? ఒంటికి పసుపు, చేతిల కొరడ. గంతే. కత్తి పట్టినోడు అమ్మవారి తమ్ముడెట్లయితడు?"

తర్జనభర్జన సాగింది. పోతరాజుకు కొరడా దక్కాలి, లీలమ్మకు వైద్యం దక్కాలి, మొగులయ్యగారికి పర్మినెంటు ఉద్యోగం దక్కాలి. కోర్టు ఆవరణలో రాజీలు చూసి చూసి పండిన దుర్గయ్యే చివరికి తీర్పు చెప్పాడు. వీరుడు పూజారే, అంగీ ఉండదు, చేతిలో కొరడా ఉంటుంది. "పూజారంటే ఏ ఊర్ల దిగినా తిండికి లొల్లి లేదు" అని మొగులయ్యగారు సంతకం చేసినంత పని చేశారు. ఎవరికీ ఏ లోటూ జరగలేదు. లోటు జరిగిన ఒక్క మనిషి మీటలు నొక్కుతున్నాడు.

గుణాల వంతు వచ్చింది. బలం, వేగం, బుద్ధి, వివేకం, ఆకర్షణ, ఓర్పు. యంత్రం ఇచ్చిన పుణ్యాన్ని వీటికి పంచాలి. మూర్తిగారు ఎవరూ నోరు తెరవకముందే పుణ్యమంతా బలంలోనూ వేగంలోనూ కుమ్మరించారు. ఆ వేగం చూసి ఆయనే ఆశ్చర్యపోయారు.

"ఓర్పుల ఏం బెట్టినరు?" అంది మాణిక్యమ్మ.

"ఏమీ పెట్టలేదండీ. వీడికి... ఓర్పు అక్కరలేదనుకుంటున్నాను." ఆ వాడలో ఆయన ప్రకటించిన మొట్టమొదటి స్వంత అభిప్రాయమది.

"ఓర్పు లేనోనికి పిల్లనెవలిస్తరు సారూ?"

"వాడు పెళ్ళి చేసుకోడండీ."

"అయ్యో! ఆ మాట ఇప్పుడే అంటరా, ఇంక బొడ్డన్న కొయ్యలే!" ఆమె బుగ్గలు నొక్కుకుంది. లీలమ్మ కూడా, ఓర్పు లేని పిల్లలు పాలు సరిగా తాగరనీ, మొదటి నెలలోనే నీరసిస్తారనీ వైద్యశాస్త్ర ప్రకారం చెప్పింది. "జర బలం తీసి ఓర్పుల ఎయ్యున్రి సారూ. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆఁ, మీ లెక్కనే చల్లగ ఉంటడు."

బలం కారిపోయింది. వేగం నడకగా మారింది. ఓర్పు మాత్రం తెర అంచుదాకా పెరిగింది.

మిగిలింది పేరు. మూర్తిగారు తమ శక్తులన్నీ కూడదీసుకుని, "పేరు మాత్రం నేను అనుకున్నది..." అని ప్రారంభించారు.

"పేరు వెట్టేది మేనత్త" అంది మాణిక్యమ్మ.

దీనికి ప్రమాణాలు వెతకనక్కరలేదు. పుట్టిన బిడ్డకు పేరు పెట్టే హక్కు తండ్రి తోబుట్టువుది. మూర్తిగారి చెల్లెలు కాకినాడలో ఉంది.

"కాకినాడల ఉంటే ఏమాయె? నేను లేనా? నిన్ను అన్నా అనుకుంట. నేనే మేనత్తను." ఆమె గొంతు మెత్తబడింది. "మా మామ పేరు చంద్రయ్య. దేవునసొంటి మనిషి. ఆయన పేరు మా ఇంట్ల ఎవ్వలకు పెట్టుకోలే. కొడుకుల పిల్లలకు పెట్టమంటే పాతపేరన్నరు."

మొగులయ్యగారు కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. పిల్లి ఎదురైతే గోడెక్కి కూర్చునే వాడని ఆయనే ఎన్నోసార్లు చెప్పిన తండ్రిగారు, ఇప్పుడు పాతాళానికి రాక్షసుల మీదికి బయలుదేరుతున్నారు. మూర్తిగారు రాక్షసులను తట్టుకోగలరేమో కానీ కండువాను తట్టుకోలేరు. చంద్రయ్య అని కొట్టారు.

తరువాత జరిగినది ఏ కంప్యూటరు చరిత్రలోనూ నమోదై ఉండదు. పేరు పెట్టాక ఉయ్యాలలో వెయ్యాలి కాబట్టి మాణిక్యమ్మ, లీలమ్మ కలిసి ఆ మీటల పలకను కొత్త తువ్వాలులో పడుకోబెట్టి, చెరో కొసా పట్టుకుని మెల్లగా ఊపారు. తోక తెగుతుందన్న భయంతో మూర్తిగారు తీగ పట్టుకుని దానితోపాటు తానూ ఊగారు. పేరు బిడ్డ చెవిలో చెప్పాలి. యంత్రానికి చెవి ఏదన్న మీమాంస వచ్చింది. పొద్దున్నుంచి అంత శ్రద్ధగా కీచుకీచులు వింటున్నది టేపురికార్డరే కనుక దాని చిల్లులే చెవులని దుర్గయ్య తేల్చాడు. మాణిక్యమ్మ ఆ చిల్లుల్లోకి వంగి, "చంద్రయ్యా, చంద్రయ్యా, చంద్రయ్యా" అంది. దుర్గయ్య ఆనందం పట్టలేక ఒక గంతు వేశాడు. తెర అదిరింది కానీ ఆరలేదు.

అప్పుడు తెర తన ఆఖరి ప్రశ్న అడిగింది. వీరుడి వివరాలన్నీ వరుసగా పేర్చి, ఇతడు సమ్మతమేనా, వై నొక్కితే అవును, ఎన్ నొక్కితే కాదు అంది.

"నొక్కున్రి సారూ" అన్నారు మొగులయ్యగారు. "ఆలస్యమెందుకు? పిలగాణ్ణి బయటికి రానీయున్రి."

మూర్తిగారి వేలు వై మీదికి సాగింది. అడిగిన వెంటనే అవుననడం ఆ వేలికి చిరకాలంగా తెలిసిన దారి.

అప్పుడే ఆయన భార్య కామేశ్వరమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. తెర ముందు నిలబడి ఒక్కొక్క వరుసా నిదానంగా చదివింది. పొట్టి. చొక్కా లేదు. దేవుడి పని. బలం స్వల్పం. వేగం స్వల్పం. ఓర్పు అపారం. పేరు, వేరెవరో పెట్టింది.

"ఇది మీరే కదండీ" అంది. "చొక్కా, కాస్త పొడుగూ తక్కువ."

వ్యంగ్యమేమీ లేదు. గుర్తుపట్టింది, అంతే. పెళ్ళిలో దూరపు చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

మూర్తిగారి వేలు గాలిలో ఆగింది. ఆయన తెరను చూశారు. తెరలోంచి ఓర్పుగా, చల్లగా, ఎవరేమన్నా తలూపేందుకు సిద్ధంగా, యాభై నాలుగేళ్ళ గుమాస్తా ఒకడు తనను చూస్తున్నాడు. వీడు పాతాళానికి వెళితే రాక్షసుడు ఎదురై, తింటానంటాడు. వీడు, రండి, కూర్చోండి అంటాడు.

మూర్తిగారు ఎన్ నొక్కారు.

తెర నల్లబడింది. పూజారి, పోతరాజు, చంద్రయ్య ముగ్గురూ ఒకే ముహూర్తాన పరమపదించారు.

"పోరడేడి?" అంది మాణిక్యమ్మ.

"వద్దన్నానండీ."

"ఎవలు?"

"నేనే."

"మీరా?" అన్నారు మొగులయ్యగారు మళ్ళీ. మొదటిసారి ఆ మాటలో హాస్యముంది, ఈసారి భయముంది.

మాణిక్యమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "పేరు వెట్టినంక పోయిండు! ఇప్పుడు తలకు పోసుకోవాల్నా, వద్దా?"

"పుట్టినట్టు రాసుకోనే లేదు కదమ్మా" అంది లీలమ్మ అనుభవజ్ఞురాలిగా. "స్నానం అక్కర్లేదు."

"ఎందుకైన మంచిది, నాలుగు చుక్కలు చల్లుకుందాం" అన్నాడు దుర్గయ్య. అందరూ చల్లుకున్నారు. యంత్రం మీద చల్లబోతే మూర్తిగారు, "వద్దు!" అన్నారు. చెంబు ఆగిపోయింది. ఆయన ఆ చెంబును, ఆగిన చేతిని, తన నోటిని మార్చి మార్చి అనుభవించారు.

యంత్రం మళ్ళీ పాచికలు దొర్లించి, కొత్త పుణ్యం చూపించి, సమ్మతమేనా అంది.

"సారూ, ఈసారి మీ ఇష్టం" అన్నారు మొగులయ్యగారు వినయంగా. "పొడుగోణ్ణే చెయ్యున్రి. దర్వాజ సంగతి ఆడు చూస్కుంటడు."

వారం రోజుల తపస్సు ఫలించింది. వాడ తప్పుకుంది, దారి తెరుచుకుంది, రణభైరవుడు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కానీ మూర్తిగారు ఎన్ నొక్కారు. పాచికలు దొర్లాయి. సమ్మతమేనా? ఎన్. మళ్ళీ. ఎన్. సృష్టి చెయ్యడంలో ఉన్న ఆనందం గురించి ఋషులు చాలా చెప్పారు. నిరాకరించడంలో ఇంత ఆనందముందని ఒక్కరూ చెప్పలేదే అని ఆయన ఆశ్చర్యపోతూ నొక్కారు. ఒకసారి, ఆ యంత్రం ఎవరికో తప్ప ఇవ్వని మహాపుణ్యం, బలం వేగం బుద్ధి అన్నిటికీ నిండుగా సరిపోయేంత, తెరమీద ధగధగలాడింది. దుర్గయ్య కెవ్వుమన్నాడు. మూర్తిగారు అది చదివే లోపలే కాదనేశారు. వాడ నోరు తెరుచుకుని చూస్తోంది. ఆ ఆదివారం పురాణం చూడలేదని ఎవరికీ గుర్తులేదు.

అంతలో ఆటో దిగి కృష్ణప్రసాద్ లోపలికి వచ్చాడు.

"బావగారూ, ఎలా ఉంది? వీరుడు తయారయ్యాడా? కాకపోతే తొందరేం లేదు. నేను రేపు మళ్ళీ బెంగుళూరు వెళ్తున్నాను. ఇంకో వారం ఇక్కడే ఉంచెయ్యమంటారా?"

"వద్దు" అన్నారు మూర్తిగారు.

కృష్ణప్రసాద్ తీగలు చుట్టుకుని, పెట్టెలో పెట్టుకుని, అదే ఆటోలో వెళ్ళిపోయాడు. వాడ కూడా ఒక్కరొక్కరే లేచి, చెప్పుల చప్పుడు కానివ్వకుండా బయటికి నడిచింది. గుమ్మం దగ్గర మొగులయ్యగారు దర్వాజ పైపట్టెను చేత్తో తడిమి చూసుకున్నారు.

గదిలో భార్యాభర్తలు మిగిలారు.

"ఇంకో వారం ఉంటే బాగుండునని మీకు లేదూ?" అంది కామేశ్వరమ్మ.

"ఉంది."

"మరి?"

"ఊపులో ఉన్నాను కామేశ్వరీ. నోటికొచ్చేసింది."

ఆమె లేచి, "మధ్యాహ్నానికి వంకాయ కూర చెయ్యనా?" అని అడిగింది. ఆయన ఛాతీ విరుచుకుని నోరు తెరిచారు.

ఆమె అప్పటికే వంటింట్లోకి వెళ్ళి వంకాయలు తరుగుతోంది.